పురుగు పుట్టినూరు

తొండియార్‌పేట,
శుక్రవారం.

మహారాజశ్రీ తాతగారి పాదాలకు మధుమిత పళ్ళు నూరుతూ నమస్కరించి రాయునది. ఇక్కడ అవ్వ, నేను, మన కొబ్బరి మండీ, మండీలో పిల్లి అందరమూ క్షేమం. పొల్లాచ్చిలో మీరూ, మీరు బేరమాడుతున్న కాయలూ క్షేమమని తలుస్తాను. కోపం వచ్చినప్పుడు మాత్రమే మిమ్మల్ని ‘మీరు’ అంటానని మీకు తెలుసు. ఈ ఉత్తరం పొడుగునా మీరే.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. అవ్వ మోకాలు నెమ్మదించింది. తైలం మానేసింది, మెట్లెక్కడం మానేసింది, అంతే వైద్యం. పోయిన లోడులో కాయలు తడవలేదు, నాగప్పన్ లారీకి తార్పాలిన్ బాగానే కప్పాడు. ఫోనులో చెప్పిన మాట నిలవదని మీ సిద్ధాంతం కాబట్టి, ఈ కాగితమూ అతని లారీలోనే మీ దగ్గరికి వస్తోంది. ఇక మూడో ప్రశ్న: “ఎన్నూరని మార్చినావా లేదా?” అది చదివాక నాకు అన్నం సయించలేదు. రెండోసారి పెట్టుకున్న అన్నం.

మీరు నా పురుగును ఏదో అంటురోగంలా చూస్తున్నారు కనుక మళ్ళీ మొదటినుంచి మనవి చేసుకుంటాను. మండీ పెరట్లో ఏళ్ళ తరబడి కుళ్ళుతున్న పీచుగుట్టలో కొమ్ము పురుగులు గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు బొటనవేలంత లావున, తెల్లగా, పని లేని అల్లుళ్ళలా బలిసి ఉంటాయి. ఆ పిల్లల పేగులో కాపురముంటుంది నా నులిపురుగు. నూలుపోగు తెగి పడితే ఎంతో అంత. కాయ జోలికి రాదు, మనిషి జోలికి రాదు. రెండేళ్ళు మైక్రోస్కోపుకు కళ్ళప్పగించి దాని నోరు గీశాను, తోక కొలిచాను. ఇరవై ఆడవి, పదకొండు మగవి. ఇప్పటిదాకా లోకంలో ఎవరూ వర్ణించని జీవి. అవ్వ మాత్రం పేరు పెట్టేముందు నక్షత్రం చూశావా అని అడిగింది.

కొత్త జీవిని లోకానికి పరిచయం చేసేటప్పుడు అది మొదట ఎక్కడ దొరికిందో రాయాలి. ఇక ఎప్పటికీ అదే దాని పుట్టినూరు. మళ్ళీ కావలసినవాళ్ళు అక్కడికే వచ్చి వెతుక్కోవాలి. దాని పేరు కూడా ఆ ఊరి మీదే పెడదామనుకున్నాను.

తమరేమో నెలనాటి ఉత్తరంలో ఇలా సెలవిచ్చారు: “మన మండీలో పురుగని అచ్చులో పడితే పురసవాక్కం హోటలోళ్ళు మన కాయ తీసుకుంటారా? ఎన్నూరని రాసెయ్. ఆడ ఉండే గలీజులో ఇంకొక పురుగు ఎవురికి బరువు?”

ఎవరికి బరువట! తాతగారూ, వేరే ఊరి కాయను పొల్లాచ్చి కాయ అని మనకు దించిన దళారి చెంగల్రాయుడిని మీరేం చేశారు? లోడు మొత్తం వెనక్కి తిప్పించారు. కాయ ఊరు దాచినవాడితో మాటల్లేవని, ఆరేళ్ళుగా వాళ్ళింటి పెళ్ళిళ్ళకు కూడా పోవడం లేదు. కాయకున్నపాటి మర్యాద పురుగుకు లేదా? పేగులో పుట్టినంత మాత్రాన దానికి ఊరుండదా?

మీ మనవరాలు ఎంత నీతిమంతురాలో అని మురిసిపోకండి. ఇక్కడినుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ ఉత్తరం వచ్చిన రోజే నేను మార్చేశాను. మీరు రెండోసారి అడగవలసిన పనే లేదు. ఎన్నూరు అని రాశాను. అది చాలనట్టు అక్కడి ఉప్పుటేటి ఒడ్డున లేని కొబ్బరి మోడు ఒకటి పుట్టించాను. పురుగుకూ ఆ ఊరి పేరే తగిలించి, నా పరిశోధన చూసే మేడమ్‌కు చెప్పకుండా సైన్సు పత్రికకు పంపేశాను. ఇంతసేపూ మీ మీద చూపించిన కోపంలో సగం నాది.

మా ల్యాబులో స్లైడులకు చీటీలు రాసే లూర్దుమేరి అక్కది ఎన్నూరు. మన గుట్టలో చెయ్యి పెట్టి మొదటి కొమ్ము పురుగు పిల్లను బయటికి తీసింది ఆమే. ఆ రోజు మీరే ఆమెకు లేత కాయ కొట్టిచ్చారు. మ్యూజియానికి పోవలసిన స్లైడుల చీటీల మీద నేను రాయమన్న ఊరు చూసి ఆమె కలం మూసేసింది.

“మా ఊరికి కరెంటు ఫ్యాక్టరీల బూడిద వచ్చింది, ఓడల నూనె వచ్చింది. ఇప్పుడు మీ పెరట్లో పురుగుకి కూడా మా ఊరి అడ్రసేనా, పాపా?”

తాత చెప్పాడక్కా అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

“తాతని అనమాక. రాసింది నీ చెయ్యి” అంది.

సోమవారం మేడమ్‌కు చెప్పేశాను. చోటు అబద్ధం, తక్కినదంతా నిజం అని పత్రిక సంపాదకుడికి రాశాను. ఒకటి అబద్ధమైనప్పుడు తక్కినవి ఎలా నమ్మేదని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికీ నాకు కోపమే వచ్చింది. కొలతలన్నీ ఇంకొకరి చేత మళ్ళీ కొలిపించి పంపమన్నారు, అప్పటికీ వేస్తామని మాట ఇవ్వలేదు. రెండేళ్ళ పని పోతే పోవచ్చు. మేడమ్ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

ఇప్పుడు ఆ వ్యాసంలో తొండియార్‌పేట అనే ఉంది, పురుగు పేరులో కూడా. మండీ పేరు రాయలేదు కానీ అక్షాంశ రేఖాంశాలు రాశాను. ఎవరైనా ఫోనులో కొట్టుకుని బయల్దేరితే సరిగ్గా మన పీచుగుట్ట మీద దిగుతారు. దిగినవాళ్ళను తరమకండి. గుట్టనే ఎత్తించేద్దామన్న ఆలోచన ఈపాటికి మీకు వచ్చే ఉంటుంది. అదీ వద్దు.

నిన్న లూర్దుమేరి అక్క కొత్త చీటీలు రాసింది. మీ తాత ఒప్పుకున్నాడా అని అడిగింది. ఇంకా లేదు, లారీలో ఉత్తరం పంపుతున్నాను, జవాబు వచ్చేదాకా ఆగుదామా అన్నాను. ఆమె చీటీకి జిగురు పూసి, స్లైడుకు అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది.

ఇట్లు,
తమరి లెక్కన మండీ పరువు తీసిన,
మీ మనవరాలు
మధుమిత