బుద్రు వీపు మీద అమ్మ

అన్నా,

చేను గట్టు కేసులో పక్క చేను బుద్రు మీద సాక్ష్యం చెప్పడానికి పాడేరు రమ్మని రాశావు. తుఫాను వల్ల నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. రైలు పట్టాల మీద కొండచరియలు పడ్డాయి. పాడేరు రోడ్డు పొడవునా చెట్లు కూలాయి. కాఫీ తోటల్లో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ మొక్కల మీదే పడ్డాయి. రేడియోలో మాత్రం విశాఖ సంగతులే చెప్పారు.

గాలి ముదిరినా అమ్మ ఇల్లు వదలనంది. నడవలేని మనిషిని నేనొక్కదాన్నే మోయలేకపోయాను. పిలవకుండానే బుద్రు వచ్చాడు.

"నీ వీపెక్కనురా, మా గట్టు జరిపినోడివి," అంది అమ్మ.

"తిట్టుకుంటానే ఎక్కు అత్తా, బేగి. గోడ ఒరిగిపోతంది," అన్నాడతను.

ఊరంతా తలదాచుకున్న చర్చి చేరేదాకా అమ్మ తిడుతూనే ఉంది. గాలి తగ్గాక వెళ్లి చూస్తే మన ఇల్లు లేదు. గట్టూ లేదు. కొండ జారి మన చేనూ వాళ్ల చేనూ ఒకటే బురద అయిపోయాయి.

అమ్మ ఇప్పుడు బుద్రు ఇంట్లోనే ఉంది. అతన్ని ఇంకా తిడుతోంది, అతని భార్య పోసిన అంబలి తాగుతోంది.

సాక్ష్యానికి నేను రాను. నువ్వే ఇక్కడికి రా. బస్సు వాగు అవతలే ఆగిపోతోంది. ఇవతలి దారిని నువ్వు గుర్తుపట్టలేవు. బుద్రు వాగు దాకా ఎదురొస్తానన్నాడు.

నీ చెల్లి