నీలం అట్ట నోటుబుక్కు విడిగా పెట్టవద్దు

నలభై ఏడేళ్ల వయసులో, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. మనసు కూడా స్థిరంగా ఉందా అంటే ప్రమాణం చేయలేను. ఎల్లుండి ఆపరేషను. దీన్ని అమలుపరిచే బాధ్యత నా చెల్లెలిది.

1. నా తదనంతరం ఈ అద్దెగదిలోని మంచం, బీరువా, కుక్కరు, రెండు కుర్చీలు చెల్లెలికి చెందవలెను. రెండో కుర్చీలో ఇన్నాళ్లూ పుస్తకాలే కూర్చున్నాయి. దుమ్ము దులిపి వాడుకో.

2. నా పరిశోధన గ్రంథం మీద సర్వహక్కులు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి దఖలుపరుస్తున్నాను, ఒక షరతు మీద.

బట్టలుతికే కార్ఖానాలో ఏడు నెలలు కూర్చుని రాసిన పుస్తకమది. బయటివాళ్ల ముందు అక్కడి ఆడవాళ్లు మాట మానేస్తారనీ, ఆ మౌనం ఒక తిరుగుబాటనీ తేల్చాను. ఇప్పటికీ పాఠంగా చెబుతున్నారు. అది తప్పు.

అమ్మ పోయిన మూడోవారమే నేనక్కడ అడుగుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చూసింది నల్ల అట్ట నోటుబుక్కులో, నా ఏడుపు నీలం అట్టదాంట్లో రాసుకున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి తేదీలు చూడ్డానికి పదిహేనేళ్లు పట్టింది. నేను ఏడ్చి వెళ్లిన రోజుల్లోనే వాళ్లు మౌనంగా ఉన్నారు. పోయిన నెల వెళ్లి, అక్కడ ఇస్త్రీ చేసే పెద్దమ్మని అడిగాను. నీ మొహం చూస్తే నోరు పెగిలేది కాదే పిల్లా, లేకపోతే మా వాగుడికి మిషన్లకే చెవుడు రావాలి, అంది.

వాళ్లు పరామర్శిస్తుంటే నేను పరిశోధన చేశాను.

కాబట్టి నీలం నోటుబుక్కును గ్రంథం పక్కనే, అదే అరలో ఉంచవలెను. ఒకటి లేకుండా రెండోది ఎవరికీ ఇవ్వరాదు.

3. సొంత గోడు ఇంట్లో పెట్టి రమ్మన్న మా గైడుగారికి, నా ఎర్రసిరా పెన్ను. ఆయన మాట విని దాచింది నేనే గనక తప్పులో సగం నాది. పెన్నులో సిరా లేదు.

4. ఇస్త్రీ పెద్దమ్మకు అమ్మ దుప్పటి. పని మధ్యలో ఆవిడ వేడి తువ్వాలొకటి మడిచి, పలకరింపు లేకుండా నా ఒళ్లో పెట్టి పోయేది. దాన్ని నేను ‘ఇచ్చిపుచ్చుకోవడం’ అనే అధ్యాయంలో రాశాను. తిరిగి ఏం ఆశిస్తోందో అని మూడు పేజీలు ఊహించాను.

చెల్లీ, దుప్పటి నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. నిన్ను చూసి ఆవిడ ఏమీ మాట్లాడకపోవచ్చు. కారణం వెతక్కు. కాసేపు పక్కన కూర్చో.

మార్చి పదకొండు, మంగళవారం.

(సంతకం)

మా కళ్లెదుట చదివి, రెండుసార్లు ఆగి, సంతకం చేసింది. సాక్షులు:
కింది వాటా దర్జీ
గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఆమె