నూనె రాయని గొట్టం

సైదులన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సినిమాలకు అద్దెకిచ్చే మన తుపాకుల్లో, నువ్వు చూసుకున్న పాత రైఫిల్ గొట్టాన్ని ఈరోజు వెల్డింగ్‌తో మూసేశారు. పేలుడు ఇప్పుడు కంప్యూటర్‌లో పెడుతున్నారు.

శబ్దానికి వాడే తూటాల మసిలో ఉప్పుంటుందని, అది కిరోసిన్‌కు కరగదని నువ్వు వాదించేవాడివి కదా. అందుకే పొద్దున మరిగిన నీళ్లు పోసి కడిగాను. ఆరాక నూనె సీసా తీస్తే వెల్డర్ నవ్వాడు.

"మూసే గొట్టానికి నూనె ఎందుకన్నా? అతుకు పట్టది. జర థిన్నర్‌తోని తుడువు."

తుడిచాను. "లోపల తుప్పు పడితే?" అని మాత్రం అడిగాను.

"పడితే ఇగ ఎవలు చూస్తరే?"

నువ్వు ప్రతి షూటింగ్ తర్వాత గొట్టంలోకి టార్చి వేసి చూసేవాడివి. అతనికి రైఫిల్ అందించాను.