కడగని తోలు

1996 నవంబరు, బుధవారం

పొద్దుగూకగానే నాయన నాటు తుపాకితో వేరుశనగ చేనికి కాపలా పోయాడు. తుపాకి మందు పోసుకునే కొమ్ము మెడలో వేసుకున్నాడు. దానికి పగులొస్తే, ఆయన చేతులు వణుకుతున్నాయని పోయిన వారం నేనే మేక పచ్చితోలు చుట్టి కుట్టాను. బైరెడ్డిపల్లె సంతలో తెచ్చిన తోలు, కుళ్లకుండా ఉప్పు పట్టించి ఉండింది.

"ఉప్పు పోయేదాకా కడిగితివా అమ్మా?" అని ఆ రోజే అడిగాడు.

ఒక్కసారి ముంచి తీసి, "కడిగినాను నాయనా" అన్నాను.

రెండు రోజులుగా తుంపర. ఇందాక చూస్తే, గోడకు తగిలించిన మిగులు తోలుముక్కకు చెమ్మ పట్టి ఉంది. వేలితో తాకి నాలుకకు రాసుకుంటే ఉప్పు. కొమ్ముకు చుట్టిన తోలూ ఇలాగే చెమ్మ లాగి ఉంటుంది. లోపల మందు తడిసే ఉంటుంది. మొన్న మునెప్ప మామ తొడ చీల్చిన అడవిపంది ఈ చేలల్లోనే తిరుగుతోంది.

చెప్పిరావాలని వాకిలి దాటి ఆగిపోయాను. చీకట్లో కదిలేదేదైనా నాయనకు పందే. కేకేసినా ఆయన చెవులకు వినపడదు. మందు తడవకుండా ఉంటే ఆ గుండు నాకే తగులుతుంది.

ఇంతవరకూ తుపాకి చప్పుడు లేదు. పంది రాలేదో, తుపాకి పేలలేదో.