చెల్లి కోసం వెనక సీటు

బావగారికి,

నా పాత మోటార్‌సైకిల్‌ను తుక్కుకు వేయమని పదిమందిలో మీరన్న మాట మరిచిపోలేదు. వేయలేదు. నా పెన్షన్‌కు అందిన సామాన్లతోనే దాన్ని బాగుచేయించి, వెనక సీటు వెడల్పు చేయించి, వీపు ఆనుకోవడానికి ఆసరా పెట్టించాను. నడుం నొప్పితో బస్సులో నిలబడటం కష్టమని, బండి మీద ఎలా కూర్చుంటుందని రెండేళ్లుగా మా చెల్లిని మీరు పంపడం లేదు కదా.

ఆ ఆసరా ఎక్కడిదనుకున్నారు? మా ఇంటికి వచ్చినప్పుడల్లా మీరు కూర్చుని, ఇన్ని పుస్తకాలు చదివినా నాకు లోకజ్ఞానం అబ్బలేదని తేల్చిన ఇనుప కుర్చీది.

"బంగారంలాంటి కుర్చీ, ఎందుకండీ కోయడం?" అన్నాడు వెల్డింగ్ మేస్త్రి.

"దాని మీంచి చాలా మాటలు విన్నాన్లే, కొయ్యి" అన్నాను.

ఆదివారం ఉదయం వస్తాను, చెల్లిని సిద్ధంగా ఉండమనండి. మీకూ రావాలనిపిస్తే బస్సుంది. కూర్చోవడానికి మాత్రం చాప వేస్తాను.