అవ్వ చెప్పిన మూడు నొప్పులు

నాన్నకు నమస్కరించి నీ చిన్నమ్మాయి రాసేది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ అమ్మా, నీ కుట్టుమిషనూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను.

"పరాయి భాషకు చదువు కావాలి సరే, పుట్టి పెరిగిన భాషకు మళ్లీ పాఠాలెందుకు?" అని నీ ఉత్తరంలో అడిగావు. నేనూ అదే అనుకున్నాను. దుబాసీ పని నేర్పే మా పంతులమ్మేమో "ఒక్క ఎద్దే లాగితే బండి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది" అంటుంది. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర ఒక పేజీ చదివి, పుస్తకం మూసేసి, ఆ సంగతి ముందు ఇక్కడి భాషలో, తర్వాత మన భాషలో చెప్పాలి. ఎండ మెల్లగా బల్ల మీదికి పాకుతుంటే మాటలు దూదిపింజల్లా లేస్తాయి నాన్నా. పట్టుకోబోతే జారిపోతాయి. ఈ మధ్య ఏ భాషలో కల కంటున్నానో కూడా తెలియడం లేదు.

మధ్యాహ్నాలు ఆసుపత్రిలో రోగి మాట డాక్టరుకూ, డాక్టరు మాట రోగికీ చెప్పడం నేర్చుకుంటున్నాను. అక్కడ జరిగినదొకటి నీకు చెప్పకుండా దాచాను. పోయిన నెల మన భాష మాట్లాడే అవ్వ ఒకావిడ వచ్చి, "కాలు పగలంతా తిమ్మిరి తల్లీ. పడుకుంటే సలుపు, నాలుగడుగులేస్తే పోటు" అంది. సలుపుకూ పోటుకూ తేడా నాకు తెలియలేదు. అడగడానికి నామోషీ. "కాలు నొప్పట" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. డాక్టరు మాత్రలు రాసి పంపేశాడు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. పంతులమ్మతో చెబితే "డాక్టరుకు చెప్పు. పని పోతే పోనీ" అంది. చెప్పాను. ఆయన వెంటనే అవ్వకు కబురు పెట్టించాడు. కాలికి రక్తం అందడం లేదట. ఇంకొన్నాళ్లు ఆగితే కాలు దక్కేది కాదట. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

"ఆ మాటలు నాకు తెలియవవ్వా" అని ఒప్పుకున్నాను.

"అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా, పిచ్చిపిల్లా" అంది. మంచం పక్కన కూర్చోబెట్టుకుని నరం లాగితే తీపు, ఇంకా గుంజుడు, చురుకు అంటూ ఒక్కొక్కటే నేర్పింది. నొప్పుల పేర్లు ఇంత అందంగా ఉంటాయని అనుకోవడం తప్పేమో. ఆసుపత్రివాళ్లు నన్ను నెలపాటు నోరు తెరవకుండా వినమన్నారు. వింటున్నాను.

నీ ఉత్తరం చివర "భుజం కొంచెం నొప్పి, కంగారు పడకు" అని రాశావు. అది సలుపా, పోటా, తీపా? మిషను దగ్గర కూర్చున్నప్పుడా, ఊరికే ఉన్నప్పుడూనా? ఒక్క ముక్కలో తేల్చేయకుండా రాయి నాన్నా.

ఇట్లు,
అడగడానికి ఇక సిగ్గుపడని నీ చిన్నమ్మాయి