సిగ్నలు రాయి మీద నా మనసు వైద్యం

వైద్యాధికారి గారి సముఖమునకు,
పెదబయలు మండలం, రాతిగెడ్డ కాపురస్తుడు కొర్రా బుధు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పక్షవాతం అనంతరం నాకు జరుగుచున్న మనసు వైద్యమును ఫోనులో గాక మునుపటివలె ఎదుట కూర్చుండి జరిపించుట గురించి.

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఇదివరకు రోడ్డు కోసం ఒక అర్జీ పెడితే, అందుకున్న అధికారి గారు బదిలీ అయ్యారు. రోడ్డు కూడా వారి వెంటే వెళ్లినట్టుంది. కుడిచెయ్యి పడిపోయినందున ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు సంతకు తోలిన మేకల్లా తోసుకుంటే మన్నించగలరు.

1. జబ్బు చేసిన పిమ్మట నాకు దిగులు, భయం పట్టుకున్నవి. కౌన్సెలర్ లిదియా గారు సంత రోజున వచ్చి, నన్ను విడిగా కూర్చోబెట్టి మాట్లాడించేవారు. గుణం కనిపించుచుండగా, ఇకపై ఫోనులోనే అని ఉత్తర్వు వచ్చినది.

2. మా ఊరికి సిగ్నలు కాఫీతోట పైనున్న రాయి మీదనే దొరకును. సాయంత్రమైతే ఊరూ అక్కడే దొరకును. నా మంచి చేతిలో కర్ర ఉండును గనుక ఫోనును రాతి మీద పెట్టి, స్పీకరు వేయవలసి వచ్చుచున్నది. తత్ఫలితముగా నన్నడిగిన ప్రశ్నలకు ఊరు జవాబు చెప్పుచున్నది.

"అన్నం తింటున్నారా తాతగారూ?" అన్నారు లిదియా గారు. "ఆఁ" అన్నాను.

"అబద్దమమ్మా! అంబలి ముంత అలాగే ఉండిపోనాది" అని నా భార్య సోములమ్మ.

"మనసెలా ఉంది?"

"మావ మనసు సంగతి మావనే అడుగుతారేటి మేడమ్? ఆయనకేటి తెలుసు, మమ్మల్నడగండి" అని పక్కింటి భీముడు.

గాలి మెల్లగా పీల్చి వదలమన్నారు. రాయి మీదున్న వారందరూ పీల్చి వదిలారు. భీముడికి ఆ రోజు నుంచి హాయిగా నిద్ర పడుతున్నది. నాకే పట్టుట లేదు.

3. నిద్రలో పక్షవాతం మళ్లీ వస్తుందేమోనని కన్ను మూయుటకే నాకు భయం. ఎలుగుబంటిని కేకలేసి తరిమిన మనిషినని సోములమ్మ దగ్గర నాకు పేరున్నది. (అసలు అది కేక కాదు, ఏడుపు. ఆ కథ తమకు తీరిక ఉన్నప్పుడు.) కావున ఈ మాట ఆమె వినగా చెప్పలేను. చెప్పనిదే వైద్యం సాగదని లిదియా గారంటున్నారు.

అందుచేత వారిని మునుపటివలె సంతకు పంపవలసినదిగా కోరుచున్నాను. ఈ వంకర రాతను ఓపికతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కొర్రా బుధు (ఎడమచేతి సంతకం)

తా.క.: ఇది మడత పెట్టిన సాయంత్రమే ఫోను వచ్చింది. "పడుకునేటప్పుడు దేనికి భయం తాతగారూ?" అని అడిగారు. ఈసారి జవాబు ఊరికి తెలియదు. నేనే చెప్పవలసి వచ్చింది. భీముడు తన మేకను తోలుకుని అవతలికి పోయాడు. ఇంటికొచ్చాక సోములమ్మ, పొయ్యి దగ్గర వేసుకునే తన చాప తెచ్చి నా చాప పక్కన పరిచింది.